భోజనం జొన్నాడ వంతెనకు ముందే

ప్రశ్న: మేం విశాఖపట్నంలో ఉంటాం. అత్తగారి ఊరు పాలకొల్లు దగ్గర. మామయ్యగారికి 71 ఏళ్ళు. రిటైర్డ్ టీచర్, పెనుగొండ, మార్టేరు, రావులపాలెం వైపు చాలా ఏళ్ళు పనిచేశారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఉదయం, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటారు. అత్తయ్యగారు బయట అన్నం ముట్టరు. పిల్లలిద్దరూ (బాబుకి 12, పాపకి 7) కారెక్కిన దగ్గర్నుంచి చికెన్ బకెట్ అనీ పిజ్జా అనీ గొడవ. మావారేమో "ఏసీ ఉంటుంది, బాత్రూమ్ బాగుంటుంది, ఎక్కడ తిన్నా ఒకటే రుచి" అని చైన్ రెస్టారెంట్ దగ్గరే ఆపుతారు. మొన్న సంక్రాంతికి బయలుదేరేసరికే పది దాటింది. రాజమండ్రి పక్కన ఒక చోట ఆగేసరికి రెండైంది. మామయ్యగారు "నాకిక్కడ తినేదేముంది, ఇంటికెళ్ళి తింటాను" అని ఊరికే కూర్చున్నారు. రావులపాలెం ముందు గోదావరి మీదున్న జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి ఆయనకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. పాప చేతిలో ఉన్న కూల్‌డ్రింక్ పట్టిస్తే కాసేపటికి తేరుకున్నారు. శ్రావణంలో పెళ్ళికి మళ్ళీ ఆ దారినే వెళ్ళాలి. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. చైన్ రెస్టారెంట్ మంచిదా, లోకల్ హోటల్ మంచిదా? అందరికీ సరిపడేలా ఎక్కడ తినాలి?

సమాధానం:

అమ్మా, ఏ హోటల్ మంచిదని మీరు అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో "ఆగేసరికి రెండైంది" అన్న ముక్కే కనబడుతోంది. ఎక్కడ తినాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఎన్నింటికి తినాలో తేల్చుకోవాలి.

రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్ళలో చాలామంది వాడేది మిశ్రమం ఇన్సులిన్. అందులో కొంత వెంటనే పనిచేసి టిఫిన్ సంగతి చూస్తుంది. మిగతాది నెమ్మదిగా మొదలై మధ్యాహ్నానికి బాగా అందుకుంటుంది. మీరు ఇంట్లో ఉన్నా, కారులో ఉన్నా, హోటల్ వెతుక్కుంటున్నా అది తన పని చేసుకుపోతూనే ఉంటుంది. పన్నెండున్నరకో ఒంటిగంటకో కడుపులో అన్నం పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. జొన్నాడ వంతెన మీద జరిగింది అదే అయ్యుంటుంది. మామయ్యగారి ఇన్సులిన్ ఏ రకమో, ప్రయాణం రోజు మోతాదు మార్చాలో అక్కర్లేదో ఆయన డాక్టరుగారిని ముందే అడగండి. ఆ వణుకు, తడబాటు గురించి కూడా తప్పకుండా చెప్పండి. తగ్గిపోయింది కదా అని వదిలేయకండి.

అప్పుడు కూల్‌డ్రింక్ పట్టించడం మంచి పని అయింది. అది మామూలు చక్కెర ఉన్న డ్రింక్ కాబట్టి పనిచేసింది. అదే సీసా మీద జీరో అనో డైట్ అనో ఉంటే ఎంత తాగించినా లాభం ఉండేది కాదు, అందులో చక్కెర ఉండదు. అందుకని కారులో గ్లూకోజ్ పొడి ఉంచండి. అలాంటప్పుడు ఇవ్వాల్సింది 15 గ్రాములు, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపినా సరిపోతుంది. పావుగంట ఆగి షుగర్ మీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. కాస్త కుదుటపడ్డాక వెంటనే ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక్కడ మన వైపు వాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. దారిలో అన్నవరం ప్రసాదం కొనే ఉంటారు, తీపే కదా అని అది పెట్టేస్తారు. లేకపోతే రోడ్డు పక్కన కొన్న పూతరేకు నోటికందిస్తారు. ప్రసాదంలో గోధుమరవ్వ, తీపితో పాటు నెయ్యి దండిగా ఉంటుంది. పూతరేకులోనూ నెయ్యి ఉంటుంది. నెయ్యి ఉన్న తీపి రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. చాక్లెట్ కూడా అంతే. ఆ నిమిషానికి కావలసింది ఉత్త చక్కెరే. బెల్లం పూతరేకులు షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చని దుకాణాల్లో చెబుతుంటారు, అదీ నమ్మకండి. బెల్లమైనా చక్కెరైనా మీటర్‌కి ఒకటే.

ఇక ఆయన చైన్ రెస్టారెంట్‌లో ఎందుకు తినలేదు అన్నది. మొండితనం అనుకుని ఉంటారు. నేనలా అనుకోవడం లేదు. మా నాన్నగారిని ఒకసారి అలాంటి చోటికే తీసుకెళ్ళాను. కౌంటర్ పైన వెలిగే బోర్డు తల పైకెత్తి చదవాలి. చదివినా అదేమిటో తెలియదు. వెనక జనం తొందర పడుతుంటారు. డబ్బు ముందే కట్టి, నంబరు పిలిచేదాకా నిలబడి, ట్రే మోసుకొచ్చుకోవాలి. "ఏం తీసుకుంటారండీ" అని దగ్గరికొచ్చి అడిగే మనిషి ఉండడు. ఆయన నా చెవిలో మెల్లగా "ఇక్కడ మారు అడిగితే ఇస్తారా అమ్మా?" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషికి, ఎవరో ఒకరు పక్కన నిలబడి ఇంకొంచెం వేసుకోండి అంటూ మారు వడ్డిస్తేనే అది భోజనం. జీవితమంతా పదిమంది లేచి నిలబడి నమస్కారం పెట్టిన మాస్టారికి, ఆ కౌంటర్ ముందు ఏం అడగాలో తెలియక నిలబడటం కష్టంగా ఉంటుంది. అది బయటికి చెప్పుకోలేక "ఇంటికెళ్ళి తింటాను" అంటారు. అందుకని మధ్యాహ్నం భోజనం మాత్రం మామయ్యగారి కోసం మామూలు భోజన హోటల్లోనే పెట్టుకోండి.

ఎనిమిదింటికల్లా ఇంట్లో టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని బయలుదేరితే, మధ్యలో ఒకసారి ఆగినా పన్నెండు, పన్నెండున్నర మధ్య కడియం నర్సరీలు దాటే దగ్గర ఉంటారు. అక్కడో, వంతెన దాటగానే రావులపాలెంలోనో కూర్చోండి. నన్నడిగితే ఈసారి వంతెన దాటకముందే తినేయండి, మీకూ ఆ భయం కాస్త వదులుతుంది. తొమ్మిదింటికి బయలుదేరే పరిస్థితి వస్తే రాజమండ్రి బైపాస్ మీదే ఆగండి. ఊరు వచ్చేస్తోంది కదా, అక్కడ తిందాం అన్న మాటకి మాత్రం ఒప్పుకోకండి. పెళ్ళింటికి చేరాక పలకరింపులు, కాఫీలు అయి విస్తరి ముందు కూర్చునేసరికి మూడవుతుంది.

మంచి హోటల్ గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటుంది. పన్నెండు దాటే వేళకి ఆ హోటల్ ముందు స్టీల్ క్యారియర్లు కనబడుతున్నాయా అని చూస్తాను. డెల్టా ఊళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, కొట్ల వాళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు రోజూ ఏదో ఒక మెస్సు నుంచి క్యారియర్ తెప్పించుకుంటారు. ఇవాళ పప్పు పులిసిపోతే రేపు ఆ క్యారియర్ రాదు. ఆ భయం ఉన్న వంటవాడు నిన్నటి కూర కలపడు. హైవే మీద బస్సులు ఆగే హోటల్ అలా కాదు. అక్కడికొచ్చేది ఏరి కోరి వచ్చిన జనం కాదు, బస్సు ఆపితే దిగిన జనం. వాళ్ళు మళ్ళీ వస్తారో రారో. అందుకని జనం కిక్కిరిసి ఉన్నంత మాత్రాన తిండి మంచిదని అనుకోకండి.

అన్నం వార్చిన గిన్నె మూత తీస్తే ఆవిరి ముఖాన కొట్టాలి. పప్పు, కూర, పులుసు పొగలు కక్కుతూ రావాలి. ఉడికిన పదార్థం 60 డిగ్రీల కన్నా వేడిగా ఉన్నంతసేపు దానిలో సూక్ష్మజీవులు పెరగవు. ఆ కిందికి దిగిందంటే రెండు గంటలే గడువు. మన ఎండలకి, ఉక్కకి అది గంటే. అందుకే భోజన హోటల్‌కి పన్నెండున్నర మంచి వేళ, మూడు చెడ్డ వేళ. ఎంత పేరున్న హోటల్‌కైనా ఇదే లెక్క. టిఫిన్‌కీ ఇంతే. ఏడున్నరకి రుబ్బిన కొబ్బరి పచ్చడి పదిన్నరకి బకెట్ అడుగున ఉంటే నేను దాని జోలికి పోను, అల్లం పచ్చడి గానీ కారప్పొడి గానీ వేయమంటాను. శ్రావణంలో గోదావరికి వరద నీరు, ఊళ్ళలో బురద. నీళ్ళు మాత్రం ఇంటి నుంచే క్యాన్‌తో తీసుకెళ్ళండి. ఐసు వేసిన చెరుకురసం, కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు. కొబ్బరిబొండం కళ్ళముందే కొట్టించుకుని తాగొచ్చు. మామయ్యగారికి కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉంటే అది కూడా డాక్టరుని అడిగాకే. బొండంలో పొటాషియం ఎక్కువ.

విస్తరి ముందు ఆయన పక్కన మీరు కూర్చోండి. షుగర్ మనిషని అన్నం వద్దనకండి. ఇన్సులిన్ పడ్డ రోజున అన్నం మానేస్తేనే ప్రమాదం. రోజూ ఇంట్లో తినేంత అన్నమే తినమనండి. ముందు కూర, పప్పు కాస్త ఎక్కువ వేయించుకుని వాటితో మొదలుపెట్టి, చివర పెరుగుతో ముగిస్తే చాలు. హోటల్ భోజనంలో ఆయనకి అసలు చిక్కు ఉప్పు. ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ అన్నీ ఒకే విస్తట్లో పడతాయి. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న మనిషికి ఆవకాయ ముట్టుకుని నాలుకకి రాసుకునేంత చాలు. మన వంట కదా అని ఈ విషయంలో వెనకేసుకు రాలేను. బర్గర్‌లో ఉప్పు ఎంత ఎక్కువో, పచ్చళ్ళతో నిండిన విస్తట్లోనూ అంత ఎక్కువే.

శ్రావణం కాబట్టి పులస మాట కూడా వస్తుంది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చే చేప అది. చాలా ఖరీదు. వేరే చోట్ల నుంచి ఐసులో వచ్చిన ఇలసని పులస అని వడ్డించే హోటళ్ళు ఉన్నాయి. దారిలో కొనకండి, పెళ్ళింట్లో ఎవరైనా వండితే ఒక ముక్క తిననివ్వండి.

మీవారి మాటలోనూ నిజం ఉంది. ఆ బాత్రూమ్ సంగతి చిన్న విషయం కాదు. దారిలో మంచి బాత్రూమ్ దొరకదని మన ఆడవాళ్ళు నాలుగైదు గంటలు నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. అత్తయ్యగారూ అంతే అయ్యుంటారు. శుభ్రమైన బాత్రూమ్ కోసం చైన్ రెస్టారెంట్‌లో ఆగడం నూటికి నూరుపాళ్ళు సరైన పని. సాయంత్రం నాలుగింటికి, రాత్రి పదింటికి, భోజన హోటళ్ళలో వేడి వంట లేని వేళల్లో తినడానికీ అదే మేలు. ఫ్రైస్ లాంటివి ఫ్రీజర్ నుంచి నేరుగా మరిగే నూనెలోకి వెళతాయి. కడుపు చెడే భయం ఆ వేళకి అక్కడే తక్కువ.

పిల్లలకి పూర్తిగా వద్దని చెబితే దారంతా ఏడుపే. పదిన్నరకి ఆగే చోటు అదే చేయండి. ఇద్దరికీ చెరొక చికెన్ ముక్క, ఇద్దరికీ కలిపి ఒక చిన్న ఫ్రైస్. కూల్‌డ్రింక్ బదులు మన నీళ్ళు. కాంబో తీసుకుంటే చవక అని కౌంటర్‌లో చెబుతారు. మీరు వేసుకోవాల్సిన లెక్క వేరే ఉంది. 10 కానీ అంతకన్నా ఎక్కువ కానీ శాఖలున్న రెస్టారెంట్లు ప్రతి వంటకం పక్కనా అందులో ఎన్ని కేలరీలున్నాయో బోర్డు మీద చూపాలని మన దేశంలో నిబంధన ఉంది, 2022 జులై నుంచి అమలైంది. మీ బాబుకి పన్నెండేళ్ళు. ఆ అంకెలు వాడిచేతే చదివించండి. పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 2000 అని కూడా అక్కడే రాసి ఉండాలి. కాంబో మొత్తం కూడమని చెప్పండి. మీరు పది మాటలు చెప్పినా వినని పిల్లవాడు, తానే కూడితే వింటాడు.

అసలు నాకు భయం వేసే ఫాస్ట్ ఫుడ్ వేరే ఉంది. మన ఊళ్ళలో ఫాస్ట్ ఫుడ్ అంటే సాయంత్రం సెంటర్లో వెలిగే బండి కూడా. పెళ్ళి ముందు రోజు రాత్రి కుర్రాళ్ళంతా కలిసి మీ బాబుని అక్కడికే తీసుకెళతారు. అక్కడ ఫ్రైడ్ రైస్‌కి అన్నం మధ్యాహ్నమే వండి, ఆరబెట్టి, తట్టలో పెట్టి ఉంచుతారు. అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు వంట వేడికి చావవు. బయట పెట్టిన అన్నంలో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. తర్వాత ఎంత పెద్ద మంట మీద ఎగరేసి వేయించినా ఆ విషం పోదు. అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఆ బండి మీద తినాలనే పట్టుంటే అప్పటికప్పుడు పోసిన ఆమ్లెట్ తినమనండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్ కూడా వద్దు. దాన్ని తిని జనం జబ్బుపడటంతోనే తెలంగాణ ప్రభుత్వం 2024లో ఏడాది పాటు దాన్ని నిషేధించింది.

అత్తయ్యగారిని బయట తినమని ఎవరూ బలవంతం చేయకండి. పులిహోర ఆవిడకి మంచి దారి. చింతపండు పులుపు, నూనె పట్టిన అన్నం ఉత్త అన్నం కన్నా ఎక్కువసేపు ఆగుతుంది. అయితే కలిపే పద్ధతి ముఖ్యం. అన్నం వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఆవిరి పూర్తిగా పోయాక, పొడి గరిటెతో కలపాలి. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను తొందరపడి వేడివేడి పులిహోరని స్టీల్ డబ్బాలో కుక్కి మూత బిగించాను, పక్కనే కొబ్బరి పచ్చడి. రైలెక్కి మూడు గంటలయ్యాక మూత తీస్తే లోపలి గోడలకి నీటి బొట్లు, జిగట. పారబోయడానికి మనసొప్పక తిన్నాం. ఆ రాత్రంతా ఇద్దరు పిల్లలూ వాంతులే. అప్పటి నుంచి వేడి డబ్బా మీద మూత పెట్టలేదు. దద్దోజనమైతే పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా వేసి కలపండి, తినే వేళకి తోడుకుని కమ్మగా ఉంటుంది. ఆవిడ కూడా పన్నెండున్నరకే తినాలి. మీరు హోటల్లో ఉంటే ఆవిడ కారులో ఒంటరిగా డబ్బా విప్పుకోవడం బాగోదు. హోటల్ యజమానిని ఒక మాట అడగండి, పెద్దావిడకి ఒక విస్తరి వేసి, ఇంటి నుంచి తెచ్చుకున్నది తినడానికి చోటివ్వమని. మన వైపు కాదనేవాళ్ళు అరుదు. రావులపాలెంలో అరటిపండ్లకి కొదవ లేదు, తొక్క తీసి తినేవి కాబట్టి ఆవిడకీ అభ్యంతరం ఉండదు.

పిల్లలు పిజ్జా కోసం గొడవ చేస్తారని రాశారు. పాలకొల్లు చేరాక సాయంత్రం దిబ్బరొట్టె తినిపించండి. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపిన పిండిని మందపాటి మూకుడులో రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద నిదానంగా కాలుస్తారు. పై పెచ్చు ఎర్రగా, కరకరలాడుతూ, లోపల మెత్తగా దూదిలా ఉంటుంది. అది కూడా గుండ్రమే, ముక్కలు కోసే తింటారు. కాలేదాకా పొయ్యి ముందు నిలబడి చూడనివ్వండి. కాస్త చెరుకు పానకంలో అద్దుకుని తింటే పాపకి నచ్చి తీరుతుంది. మామయ్యగారికి పానకం వద్దు, అల్లం పచ్చడితో చిన్న ముక్క.

ఇదంతా మీరొక్కరే తలకెత్తుకోనక్కర్లేదు. ఇవాళ సాయంత్రమే మామయ్యగారి దగ్గర కూర్చుని, "ఈసారి దారిలో భోజనం ఎక్కడ చేద్దామంటారు, మీకు తెలిసిన హోటళ్ళు ఏమున్నాయి?" అని అడగండి. ఆ దారిలో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఏ మెస్సులో పప్పు బాగుంటుందో, ఏ హోటల్ కొడుకుల చేతికొచ్చాక పాడైందో నా కన్నా బాగా తెలుసు. ఆయన చెప్పిన చోటే ఆపమని మీవారికి చెప్పండి. ఆయనే పిల్లలకి దారి చూపిస్తూ లోపలికి తీసుకెళ్ళి, వడ్డించే అతన్ని పేరు పెట్టి పిలిస్తే, ఆ పూట ఆయన కడుపునిండా తింటారు. గ్లూకోజ్ పొడి మాత్రం డాష్‌బోర్డులో వేయకండి, ఆయన చొక్కా జేబులో పెట్టండి.